పాత కారు ఆటోమేటిక్ గేర్‌బాక్సు చెడితే: బాగు చేయించడమా, వదులుకోవడమా?

జోడ్‌భావి పేటలో సాంచె ఆగితే ఏమి చేయవలెనో చెప్పగలవారు గల్లీకి పదిమంది ఉన్నారు. జాబర్ రానక్కరలేదు, పక్క ఇంటి ముసలాయన అరుగు మీదనే కూర్చుండి, శబ్దం విని, లోపం ఎక్కడున్నదో చెప్పగలడు. అదే పేటలో ఆటోమేటిక్ గేరు కారు ఆగిపోతే మాత్రం సలహాలు చెప్పేవారే గాని సంగతి తెలిసినవారు కనబడరు. అయినను అటువంటి కార్లు మన వాకిళ్ళలోకి వచ్చి చేరుతూనే ఉన్నవి. షోలాపూరులోనే కాదు, అక్కల్‌కోట, ఉమర్గా, బసవకల్యాణ్, జహీరాబాదు వైపు పల్లెలలో కూడా పుణె నుండో హైదరాబాదు నుండో తెచ్చిన పాత ఖరీదైన సెడాన్లు కనబడుతున్నవి. కొత్తలో ముప్పై నలభై లక్షలు పలికిన బండి పదేళ్ళు గడిచేసరికి కొత్త చిన్నకారు ధరకు వస్తుంది. చూపు, వేగం, తోలు సీట్లు, అన్నీ ఉంటాయి. కాని కారు ధర తగ్గినంత మాత్రాన దాని విడిభాగాల ధర తగ్గదు. ముప్పై లక్షల కారుకు గేర్‌బాక్సు ఎంత ఖరీదో, నాలుగు లక్షల పాత కారుకు కూడా అంతే ఖరీదు. చిక్కంతా ఇక్కడనే మొదలవుతుంది.

ఈ వ్యాసం రాయడానికి కారణం మా బావగారి కారు. 2010 నమూనా, ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను, ఆరు గేర్ల ఆటోమేటిక్. కంపెనీ పేరుతో ఇక్కడ పని లేదు. 2018లో పుణెలో రెండవ యజమాని వద్ద కొన్నారు. ఎనిమిది సాంచెల కార్ఖానా నడిపే మనిషికి అంత వేగం గల బండి ఎందుకని అప్పుడే మా అక్కయ్య అడిగింది. బావగారు నవ్వి ఊరుకున్నారు. 2024 మే నెలలో సిరిసిల్లలో పెండ్లి చూసుకొని తిరిగి వస్తుండగా, ఉమర్గా దాటిన తరువాత మూడవ గేరు నుండి నాలుగవ గేరుకు మారే సమయంలో ఇంజను ఒక్కసారిగా రంకె వేసింది గాని బండి వేగం పెరగలేదు. మరుక్షణం వెనుక నుండి ఎవరో గుద్దినట్లు కుదుపు వచ్చింది. నల్‌దుర్గ్ చేరకముందే తెరమీద పసుపు గుర్తు వెలిగి, బండి ఒకే గేరులో నిలిచిపోయి, ఎంత తొక్కినా మెల్లగా మాత్రమే కదిలింది.

రోడ్డు పక్కన చెరకు ట్రాక్టరు ఆపిన రైతు ఒకాయన తాడు కట్టి లాగుతానన్నాడు. మంచి మనసుతో అన్న మాటే. కాని ఆటోమేటిక్ కారును తాడుతో లాగకూడదు. గేర్‌బాక్సులో నూనెను తిప్పే పంపు ఇంజనుతోనే తిరుగుతుంది. ఇంజను ఆగి, చక్రాలు మాత్రం తిరుగుతూ ఉంటే లోపలి భాగాలు నూనె లేకుండానే రాపిడికి గురి అవుతాయి. పది కిలోమీటర్లు లాగి ఇరవై వేల నష్టం రెండు లక్షల నష్టంగా మార్చుకున్నవారు ఉన్నారు. బండిని మొత్తం ఎత్తి పెట్టుకొనే లారీనే పిలిపించాలి. మేము పిలిపించాము. మూడు గంటలు ఎండలో నిలబడవలసి వచ్చింది.

లోపల ఏమి జరుగుతుంది

నిర్ణయం తీసుకొనే ముందు యంత్రం ఎట్లా పని చేస్తుందో కొంతైనా తెలిసి ఉండాలి. లేకపోతే ఎవరు ఏ అంకె చెప్పినా తల ఊపవలసి వస్తుంది.

పాత సాంచెలు చూసినవారికి ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. ఒకే ఇరుసు మీద రెండు చక్రాలు ఉండేవి. ఒకటి ఖాళీగా తిరిగేది, రెండవది సాంచెను తిప్పేది. హ్యాండిలు లాగితే తోలు పట్టా ఖాళీ చక్రం నుండి పని చక్రం మీదికి జరిగేది. పట్టా వదులైతే జారేది, సాంచె మందగించేది. మామూలు గేరు కారులో క్లచ్ చేసేది ఇంచుమించు ఈ పనే, కాలితో మనం చేయిస్తాము. ఆటోమేటిక్‌లో ఈ పనిని నూనె చేస్తుంది.

ఇంజనుకు, గేర్‌బాక్సుకు మధ్య టార్క్ కన్వర్టర్ అనే గుండ్రని డబ్బా ఉంటుంది. రెండు ఫ్యానులను ఎదురెదురుగా పెట్టి ఒకదానికి మాత్రమే కరెంటు ఇస్తే, దాని గాలికి రెండవది కూడా తిరుగుతుంది కదా. అదే సూత్రం, గాలికి బదులు నూనె. జర్మనీకి చెందిన హెర్మన్ ఫొట్టింగర్ 1905లో పేటెంటు పొందిన ఆలోచనే దీనికి మూలం. ఓడల కోసం పుట్టిన ఆలోచన కార్లలోకి వచ్చింది. అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థ 1940 నమూనా ఓల్డ్స్‌మొబైల్ కార్లకు పెట్టిన హైడ్రామాటిక్, పెద్ద సంఖ్యలో తయారైన మొదటి పూర్తి ఆటోమేటిక్ గేర్‌బాక్సు. ఇప్పటి కన్వర్టర్లలో మరొక ఏర్పాటు కూడా ఉన్నది: బండి నిలకడగా నడుస్తున్నప్పుడు రెండు ఫ్యానులను ఒకటిగా బిగించే లోపలి క్లచ్. ఇది అరిగితే గంటకు డెబ్భై, ఎనభై కిలోమీటర్ల వేగంలో, తేలికగా తొక్కి ఉన్నప్పుడు, గరుకు గీతల మీద పోతున్నట్లు సన్నని వణుకు వస్తుంది. చాలామంది దానిని టైర్ల దోషమని భ్రమపడి టైర్లు మారుస్తారు.

కన్వర్టర్ తరువాత గేర్లు. నడుమ ఒక సూర్యుడు, చుట్టూ గ్రహాలు, వాటి చుట్టూ పళ్ళున్న ఒక కంకణం. ఇందులో ఏ భాగాన్ని పట్టి నిలిపితే వేగం ఎట్లా మారుతుందో బడిలో సైకిలు గేరు చూపించినంత సులభంగా చెప్పలేను గాని, సారాంశం ఇది: గేరు మార్చడమంటే పళ్ళను విడదీసి కలపడం కాదు, ఒక భాగాన్ని పట్టుకోవడం, మరొకదానిని వదలడం. ఆ పట్టుకొనే పని పలుచని క్లచ్ ప్లేట్ల దొంతరలది. ఆరు గేర్ల పెట్టెలలో సాధారణంగా ఇటువంటి దొంతరలు ఐదు ఉంటాయి; ప్రతి గేరులోనూ రెండు బిగిసి ఉంటాయి. గేరు మారే క్షణంలో ఒకటి సడలుతుండగానే మరొకటి బిగియాలి. నాడె ఒక పెట్టె నుండి బయలుదేరి ఎదుటి పెట్టెలో చేరే సమయం తప్పితే పోగు తెగినట్లే, ఇక్కడ బిగింపు ఆలస్యమైతే ఇంజను రంకె వేస్తుంది; ముందే బిగిస్తే కుదుపు వస్తుంది. మా బావగారి బండిలో ఈ రెండూ ఒకదాని వెంట ఒకటి వచ్చినవి.

ఆ ప్లేట్లను బిగించేది నూనె ఒత్తిడి. ఏ దారిలో ఎంత ఒత్తిడి పంపవలెనో నిర్ణయించేది, కొత్త తరహా పెట్టెలలో, నూనెలోనే మునిగి ఉండే ఒక చిన్న కంప్యూటరు, దాని కవాటాలు. దీనిని మెకట్రానిక్ అంటారు. కనుక నూనెకు ఇక్కడ నాలుగు పనులు: శక్తిని మోయడం, ప్లేట్లను బిగించడం, రాపిడి తగ్గించడం, వేడిని బయటికి కొనిపోవడం. నూనె ఒకటిన్నర లీటరు తగ్గిందనుకొందాం. పంపు గాలి పీలుస్తుంది, ఒత్తిడి పడిపోతుంది, ప్లేట్లు జారుతాయి, జారితే వేడెక్కుతాయి, వేడికి వాటి పూత మాడి నూనెలో కలుస్తుంది, ఆ మడ్డి కవాటాలలో చేరి అవి ఇరుక్కొంటాయి. అప్పుడు మళ్ళీ ఒత్తిడి తగ్గుతుంది. చిన్న కారుటతో మొదలైనది పెట్టెనంతటిని తినివేసే వరకు పోయే దారి ఇదే. మన మే నెల ఎండలో, నాలుగుగురు మనుషులు, సామాను, ఏ.సి.తో పోయే బండిలో ఈ దారి ఇంకా పొట్టిది.

“జీవితాంతం మార్చనక్కరలేని నూనె”

ఇక్కడ ఒక అపోహను గూర్చి కొంచెం విపులంగా చెప్పక తప్పదు. అనేక కార్ల పుస్తకాలలో గేర్‌బాక్సు నూనె జీవితాంతం సరిపోతుందని రాసి ఉంటుంది. ఎవరి జీవితం? బీ.ఎం.డబ్ల్యూ., జాగ్వార్ వంటి అనేక కార్లకు ఆరు గేర్ల ఆటోమేటిక్ పెట్టెలను తయారు చేసి ఇచ్చిన జర్మన్ సంస్థ జెడ్.ఎఫ్. మాత్రం ప్రయాణపు తీరును బట్టి 80,000 నుండి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేక ఎనిమిదేళ్ళ లోపల, నూనె మార్చమని తానే సలహా ఇస్తున్నది. పెట్టె తయారు చేసినవాడు మార్చమంటున్నాడు, కారు అమ్మినవాడి పుస్తకం అక్కరలేదంటున్నది. మొదటి యజమాని ఐదేళ్ళకు కారు మార్చుకొంటాడు గనుక అతనికి రెండవ మాట హాయిగా ఉంటుంది. బాధ పడేది మూడవ యజమాని. మన పల్లెలకు వచ్చేది మూడవ యజమాని చేతికే.

దీనికి ఎదురుగా మరొక మాట మిస్త్రీల నోట వినబడుతుంది: పాత పెట్టెలో కొత్త నూనె పోస్తే పెట్టె పోతుందని. ఇందులో కొంత నిజం, ఎక్కువ అపార్థం. ప్లేట్ల పూత ఇదివరకే మాడిపోయి, జారుతూ, మడ్డి నూనె పట్టుతోనే ఎట్లాగో నడుస్తున్న పెట్టె నూనె మార్చగానే పూర్తిగా జారవచ్చును. అది నూనె చంపినది కాదు, చావు బయటపడినది. ఇంకా బాగున్న పెట్టెకు నూనె మార్పు మేలే చేస్తుంది. అయితే యంత్రంతో బలవంతంగా ఒత్తిడి పెట్టి కడగడం పాత పెట్టెకు మంచిది కాదని నా అభిప్రాయం. అడుగున ఉన్న మడ్డి లేచి కవాటాలలోకి పోగలదు. అడుగు పళ్ళెం విప్పి, ఫిల్టరు మార్చి, దిగినంత దించి, అంతే పోయడం నెమ్మదైన మార్గం. ఒక్కసారికి మొత్తం నూనెలో సగం పైచిలుకు మాత్రమే దిగుతుంది. కొంతకాలం తిరిగిన తరువాత ఇంకొకసారి చేయించుకోవచ్చును.

నూనె పేరు కూడా ముఖ్యం. “ఆటోమేటిక్ నూనె” అని అంగట్లో అడిగి ఎర్రగా ఉన్నదల్లా పోయరాదు. ఒక్కొక్క పెట్టె ప్లేట్ల పూతకు తగిన నూనె వేరు. డబ్బా మీద ఆ పెట్టెకు కావలసిన ప్రమాణం అచ్చయి ఉండాలి. ఇంకొక చిక్కు: ఇటువంటి చాలా పెట్టెలకు నూనె చూసే కమ్మీ ఉండదు. బండిని సమతలంగా ఎత్తి, ఇంజను నడుస్తుండగా, నూనె వేడి ముప్పై నుండి యాభై డిగ్రీల మధ్య ఉన్నప్పుడు, పక్క బిరడా నుండి సన్నగా ధార కారే వరకు పోయాలి. వేడి చూడకుండా పోసిన నూనె తక్కువో ఎక్కువో అవుతుంది. మీ మిస్త్రీ స్కానరు పెట్టి వేడి చూస్తున్నాడా లేదా అన్నది అతని పనితనానికి మొదటి పరీక్ష.

తయారీదారులు కూడా ఈ పెట్టెలతో దెబ్బ తిన్న సందర్భాలు లోకానికి తెలిసినవే. 2004లో హోండా సంస్థ అమెరికాలో ఆరు సిలిండర్ల అకార్డ్, అక్యూరా టి.ఎల్. మొదలైన సుమారు పదకొండు లక్షల వాహనాలను వెనుకకు పిలిచింది. రెండవ గేరు అతిగా వేడెక్కుతున్నదని కారణం. తక్కువ తిరిగిన వాటికి ఆ గేరు మీద నూనె చల్లే చిన్న ఏర్పాటు అమర్చారు. ఎక్కువ తిరిగిన వాటిని లోపల పరిశీలించి, గేరు రంగు మారి ఉంటే పెట్టెనే మార్చారు. 2013 నవంబరులో ఫోక్స్‌వాగన్ ప్రపంచవ్యాప్తంగా ఏడు గేర్ల డి.ఎస్.జి. పెట్టెలున్న పదహారు లక్షల వాహనాలను పిలిచి, కృత్రిమ నూనెకు బదులు ఖనిజ నూనె పోసింది. కనుక మీ నమూనాకు ఏదైనా రీకాల్ ఉన్నదేమో ఛాసిస్ నంబరుతో సేవాకేంద్రంలో మొదట అడగండి. అడగడానికి ఖర్చు లేదు. మన దేశంలో తప్పనిసరి రీకాల్ నియమాలు 2021 ఏప్రిల్ 1 నుండి వచ్చినవి గాని అవి ఏడేళ్ళ లోపు వాహనాలకే వర్తిస్తాయి. మా బావగారి బండికి ఆ దారి లేకపోయింది.

మూడు అంచనాలు

మొదటి అంచనా ఒక పెద్ద ఊరి అధీకృత సేవాకేంద్రానిది. స్కానరులో వచ్చిన సంకేతం చూసి, పెట్టె మొత్తం మార్చాలన్నారు: ఐదు లక్షల నలభై వేలు. రెండవది మన షోలాపూరులోనే ఒక గ్యారేజీ: విప్పి లోపలి ప్లేట్లన్నీ మారుస్తాము, లక్షా ఎనభై వేలు, ఆరు నెలల పూచీ. ఇద్దరిలో ఎవరూ అడుగు పళ్ళెం విప్పి చూడలేదు.

అక్కయ్య ఆ రోజు నన్ను పిలిచి, “తమ్మీ, నీ కోడలు హాస్టలు ఫీజు జూలైలో కట్టాలె. ఆ పైసలు తీసి బండిల పోస్తడేమో, నువ్వొక మాట చెప్పు” అన్నది. నిజానికి ఇంట్లో ఉన్నది రెండు లక్షల పైచిలుకు. కార్ఖానాలో రెండు సాంచెలకు మోటార్లు మార్చవలసి ఉన్నది. చద్దర్ల బేరాలు మందగించిన ఏడాది. గేర్‌బాక్సు ప్రశ్న నిజంలో గేర్‌బాక్సుది కాదు.

బావగారి వాదం మరొకటి: “ఇప్పటికే టైర్లకు, సస్పెన్షనుకు లక్షా ముప్పై వేలు పెట్టిన. ఇప్పుడు వదిలేస్తే అదంతా పోయినట్లే గద గురూజీ.” సాంచె మీద ఎన్నో లెక్కలు క్షణంలో వేయగల మనిషి ఇట్లా అనడం నాకు ఆశ్చర్యం వేసింది. రంగు చెడిన నూలు బీము మీద ఎక్కిన తరువాత, కొన్న ధర గుర్తు చేసుకొని నేత సాగిస్తారా? ఇకముందు పెట్టే కూలీకి తగిన చద్దరు వస్తుందా అని మాత్రమే చూస్తారు. పెట్టిన లక్షా ముప్పై వేలు బాగు చేయించినా రావు, చేయించకపోయినా రావు.

ఇంకొక తప్పు లెక్క దీనికి పూర్తిగా ఎదురుది: మరమ్మతు ఖర్చు కారు విలువలో సగం దాటితే పారవేయమనేది. చూడవలసినవి వేరు. బండి ఉన్నది ఉన్నట్లు అమ్మితే ఎంత వస్తుంది. నడిచే స్థితికి వచ్చిన తరువాత ఎంత వస్తుంది. ఆ రెంటి మధ్య తేడాకన్న మరమ్మతు తక్కువా ఎక్కువా. ఆ పైన, మిగిలిన డబ్బుతో మరొక బండి కొంటే అది ఎంత నమ్మకంగా నడుస్తుంది. బావగారి బండికి చెడిన స్థితిలో లక్షా డెబ్భై అయిదు వేలు ఇస్తామని ఒక వ్యాపారి అన్నాడు. నడిస్తే మూడున్నర లక్షల నుండి మూడు లక్షల డెబ్భై అయిదు వేల వరకు పలుకుతుంది. తేడా సుమారు రెండు లక్షలు. ఐదు లక్షల నలభై వేల మాట అక్కడికక్కడే ముగిసింది. లక్షా ఎనభై వేల మాట అంచున నిలిచింది. పని విఫలమైతే నిలువునా నష్టం. పైగా ఆ వయసులో కారుకు గేర్‌బాక్సు ఒక్కటే ఖర్చు కాదు. నీటి పంపు, రబ్బరు గొట్టాలు, ఆయిల్ సీళ్ళు వరుసలో నిలబడి ఉంటాయి. పదిహేనేళ్ళు నిండితే రిజిస్ట్రేషను పునరుద్ధరించాలి. 2022 ఏప్రిల్ 1 నుండి కార్లకు ఆ రుసుము ఐదు వేలు. మహారాష్ట్రలో దానితోపాటు పర్యావరణ పన్ను. ఈ బండికి అది 2025లో రానున్నది.

నేను చెప్పినది ఒక్కటే: పెట్టె లోపల ఏమున్నదో చూడకుండా ఏ లెక్కా వేయవద్దు. పుణెలో ఆటోమేటిక్ పెట్టెలు మాత్రమే చూసే ఒక చిన్న గ్యారేజీకి బండిని లారీ మీద పంపినాము. నాలుగు వేలు పరీక్ష రుసుము. పని చేయించినా మానినా అది ఇవ్వాలి. లారీ ఖర్చు వేరే, పద్నాలుగు వేలు. బావగారు గొణిగారు. కాని రెండు లక్షల నిర్ణయానికి ముందు పద్దెనిమిది వేలు పెట్టి నిజం తెలుసుకోవడం దుబారా కాదు.

అక్కడ మిస్త్రీ చేసినవి ఇవి. ముందు సంకేతాలు చదివి, ఒక్కొక్క ప్లేట్ల దొంతర బిగియడానికి కంప్యూటరు ఎంత సవరణ చేస్తున్నదో అంకెలు చూశాడు. ఒక దొంతర అంకె ఎక్కువగా ఉన్నది గాని హద్దు దాటలేదు. తరువాత అడుగు పళ్ళెం విప్పి నూనె పట్టాడు. నల్లగా, మాడిన వాసనతో ఉన్నది. 1,32,000 కిలోమీటర్లు తిరిగిన పెట్టెలో ఎన్నడూ మార్చని నూనె. కొలత కూడా ఒకటిన్నర లీటరు తక్కువ. పళ్ళెంలోని అయస్కాంతాలను తుడిచి చూపించాడు: బూడిదరంగు మెత్తని పేస్టు. ఇది మామూలు అరుగుదల. మెరిసే లోహపు ముక్కలు, ఇత్తడి పలుకులు ఉంటే పెట్టె విప్పక తప్పదు. నూనె గులాబీ రంగు లస్సీ వలె ఉంటే చల్లబరిచే భాగం చిల్లిపడి నీరు కలిసిందని అర్థం. అప్పుడు ప్లేట్ల పూత జిగురు విడిపోతుంది, చిన్న మరమ్మతు పనికిరాదు. ఇక్కడ ఈ రెండూ లేవు. నూనె కారినది మెకట్రానిక్‌కు వైర్లు వచ్చే చోట ఉన్న ప్లాస్టిక్ తొడుగు నుండి. దాని రబ్బరు ఎండకు గట్టిపడి పగిలింది. కొన్ని వందల రూపాయల రబ్బరు చుట్టలు!

ఇటువంటి పరిస్థితికి మెట్లు మెట్లుగా పోవడమే తగిన పద్ధతి. తొడుగు, లోపలి సీళ్ళు, ఫిల్టరుతో కూడిన పళ్ళెం, సరైన నూనె, రెండుసార్లు: మొత్తం అరవై రెండు వేలు. కుదిరితే సరి, కుదరకపోతే అప్పుడు ఉన్నది ఉన్నట్లు అమ్ముకోవచ్చును, నష్టం అంతటితో ఆగుతుంది. “మూడు నాలుగు గేర్ల మధ్య కొంచెం తేడా మిగులుతుంది, కొత్తదానివలె కాదు” అని అతడు ముందే చెప్పాడు. అట్లా ముందే చెప్పిన మిస్త్రీని నేను నమ్ముతాను.

అందరి బండికి ఇదే జవాబు కాదు. పెట్టె విప్పవలసి వస్తే అంచనా కాగితం మీద తీసుకోండి. ఏ ప్లేట్లు, ఏ సీళ్ళు, ఏ పేరు నూనె, పూచీ ఎన్ని నెలలు అని రాయించండి. టార్క్ కన్వర్టర్‌ను కూడా విప్పి శుభ్రం చేస్తారా, చల్లబరిచే గొట్టాలను కడుగుతారా లేక మారుస్తారా అని ప్రత్యేకంగా అడగండి. వాటిలో దాగిన పాత మడ్డి కొత్త ప్లేట్లను వారాలలో పాడు చేస్తుంది. ముంబయి కుర్లాలో దొరికే పాత పెట్టె చౌకగా వస్తుంది, కాని అది ఎన్ని కిలోమీటర్లు తిరిగినదో చెప్పేవారుండరు. పెట్టె మీది సంఖ్య మీ బండికి సరిపోవాలి, కంప్యూటరును బండితో కలపాలి. అట్లా కలపగల చేయి దగ్గర లేకపోతే ఆ పెట్టె ఇనుప ముద్దతో సమానం. అన్ని ఆటోమేటిక్‌లు ఒక్కటి కావన్నది కూడా మరువరాదు. రెండు కప్పీల మధ్య ఉక్కు పట్టా తిరిగే సి.వి.టి.లో ఆ పట్టా గీరుకుపోతే మన ఊళ్ళలో బాగు కావడం అరుదు. 2014లో మారుతి సెలేరియోతో మన దేశానికి వచ్చిన ఎ.ఎం.టి. మాత్రం లోపల మామూలు గేర్‌బాక్సే. క్లచ్ తొక్కే పని యంత్రం చేస్తుంది, అంతే. దాని మరమ్మతు చాలా తేలిక. ఆటోమేటిక్ కావాలనుకొనే పల్లె కుటుంబానికి నేనైతే దానినే సూచిస్తాను, బావగారు ఎంత పెదవి విరిచినా.

బీమా ఉన్నది కదా అని కొందరు అడుగుతారు. యంత్రం తనంతట తాను చెడితే మామూలు మోటారు పాలసీ ఇవ్వదు. డబ్బు తీసుకొని రాసి ఇచ్చిన పూచీని గ్యారేజీ తిరస్కరిస్తే మాత్రం జిల్లా వినియోగదారుల కమిషనుకు రెండేళ్ళ లోపల ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపు అయితే రుసుము కూడా లేదు. కాగితం లేని పూచీని అక్కడ నిరూపించడం కష్టం.

బండి జూన్ రెండవ వారంలో తిరిగి వచ్చింది. మిస్త్రీ చెప్పినట్లే మూడు నాలుగు మధ్య చిన్న తడబాటు మిగిలింది, పొద్దున మొదటి కిలోమీటరులో మాత్రమే. హాస్టలు ఫీజు జూలైలో కట్టారు. ఒక సాంచె మోటారు మార్చారు, రెండవది దసరా వరకు ఆగింది. వేసవిలో మళ్ళీ హైదరాబాదు దారి పట్టే ధైర్యం బావగారికి లేకపోయింది. రిజిస్ట్రేషను గడువుకు ముందే, 2025 ఫిబ్రవరిలో, కలబురగి వైపు ఒకరికి మూడు లక్షల ఇరవై వేలకు అమ్మారు. తడబాటు సంగతి చెప్పి, పుణె బిల్లులు చేతికిచ్చి అమ్మారు. చెప్పకపోతే ఇంకొక ముప్పై వేలు వచ్చేవని కల్లు దుకాణం మిత్రులు అన్నారట. అక్కయ్య ఆ మాట వినిపించుకోలేదు.

సరిహద్దు ప్రాంతపు వారికి ఇక్కడ ఒక పని మిగిలి ఉంటుంది. కారు రాష్ట్రం దాటి పోతున్నప్పుడు డబ్బు, తాళం చేతులు మారితే చాలదు. 28వ నమూనాలో నిరభ్యంతర పత్రం మన ఆర్.టి.ఓ. నుండి తీసుకోవాలి, 29, 30 నమూనాల మీద సంతకాలు చేసి పేరు మార్పు జరిగేటట్లు చూడాలి. పేరు మారనంతవరకు ఆ బండి ప్రమాదం చేసినా, చలాను పడినా, నోటీసు పాత యజమాని ఇంటికే వస్తుంది. మా బావగారి విషయంలో కొన్నాయన నెలన్నర తాత్సారం చేశాడు. నాలుగుసార్లు ఫోను చేసి, ఒకసారి స్వయంగా బస్సెక్కి వెళ్ళి, కొత్త రిజిస్ట్రేషను కాగితం నకలు తెచ్చుకున్నారు. దానిని అక్కయ్య సాంచెల లైసెన్సు కాగితాలున్న బీరువాలోనే పెట్టింది.